లెక్కల వేసవి బడులు: అడ్డం ఫీజు కాదు, సమాచారం

గన్నవరం నుంచి విజయవాడ దాకా రోడ్డు వెంట ఎటు చూసినా ర్యాంకుల హోర్డింగులే. లెక్కలంటే ఎంపీసీ, ఎంపీసీ అంటే ఇంజనీరింగ్. ముస్లిం కుటుంబాల్లోనూ ఇదే మాట. మరి బీఎస్సీ, ఎమ్మెస్సీలో గణితం తీసుకున్న పిల్లల సంగతేమిటి? చాలామంది బీఈడీ చేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తారు. పరిశోధన అనే దారి కూడా ఉందని ఇంట్లో చెప్పేవాళ్లు తక్కువ.

ఆ దారిలో మొదటి మెట్టు వేసవి శిబిరాలు. ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టిన ఎంటీటీఎస్ డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసం. టీఐఎఫ్ఆర్, ఐఐటీ బాంబే కలిసి నడిపే జాతీయ గణిత కేంద్రం పీహెచ్‌డీ మొదలుపెట్టిన వాళ్లకు ఫౌండేషన్ స్కూళ్లు, ఇంకా ముందుకెళ్లిన పరిశోధకులకు, లెక్చరర్లకు అడ్వాన్స్‌డ్ స్కూళ్లు పెడుతుంది. వీటికి అండ అణుశక్తి శాఖ కింద 1983లో ఏర్పడిన జాతీయ ఉన్నత గణిత బోర్డు.

ఇవి కోచింగ్ సెంటర్లు కావు. కొన్ని వారాల పాటు పాఠం వినాలి, తర్వాత కూర్చుని లెక్కలు స్వయంగా తేల్చాలి, బోర్డు దగ్గర నిలబడి నిరూపించాలి. గైడు బట్టీ పట్టి పాసైన వాళ్లకు మొదటి వారం కష్టంగానే ఉంటుంది. కానీ చిన్న ఊరి కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు పెద్ద సంస్థల ప్రొఫెసర్లతో పరిచయం దొరికేది ఇలాంటి చోటే. పీహెచ్‌డీ సీటుకు వెళ్లినప్పుడు ఆ పరిచయం, ఆ సాధన రెండూ పనికొస్తాయి.

ఖర్చు విషయానికొస్తే, ఎంపికైన వాళ్లకు సాధారణంగా వసతి, భోజనం ఉచితం. నిబంధనల ప్రకారం రైలు చార్జీ కూడా ఇస్తారు. అయితే టికెట్టు డబ్బు ముందు చేతి నుంచి పెట్టుకోవాల్సి రావచ్చు. ఇంటర్ రెండేళ్లకు లక్షలు కట్టే ఇంటికి అదొక లెక్క కాదు. ఆటో నడిపే తండ్రికి మాత్రం లెక్కే. మసీదు కమిటీలు, జకాత్ నిధులు చూసే పెద్దలు సాయం చేయగలిగింది ఇక్కడే.

అసలు చిక్కు ఆడపిల్లల దగ్గర వస్తుంది. వేరే రాష్ట్రంలో అన్ని వారాలు ఒంటరిగా ఎలా పంపడం? పైగా బక్రీద్ 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న, సరిగ్గా శిబిరాల రోజుల్లోనే వచ్చింది. తల్లిదండ్రుల భయం తప్పు కాదు. కానీ అడగకుండానే వద్దనడం తప్పు. హాస్టల్ ఎక్కడ, భోజనం ఏమిటి, పండక్కి సెలవు దొరుకుతుందా అని నిర్వాహకులకు ముందే రాసి తెలుసుకోవచ్చు. 2014లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న తొలి మహిళ మర్యం మీర్జాఖానీ టెహ్రాన్‌లో చదివిన అమ్మాయే. ఆమె కూడా పైచదువుకు ఇల్లు దాటి వెళ్లింది.

ఇంకో మాట. వేసవి బడికి దరఖాస్తు వేసవిలో పెడితే ఆలస్యమే. చలికాలం నుంచే ప్రకటనలు చూస్తుండాలి, సిఫారసు లేఖ కోసం లెక్చరర్‌ను ముందే అడగాలి. ఇంట్లో ఎమ్మెస్సీ లెక్కలు చదివే బిడ్డ ఉంటే, పెళ్లి సంబంధాల కంటే ముందు ఈ మాట ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.