సెలోపెహాదు కుమార్తెలు రెండోసారి అడిగారు

2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలంగా ఓటు వేశారు, వ్యతిరేకించింది ఇద్దరే. రాజ్యసభలో 214 మంది ఒప్పుకున్నారు, కాదన్నవారు ఒక్కరూ లేరు. ఏడాది తిరగకముందే 2024 ఎన్నికలు వచ్చాయి. 543 మంది లోక్‌సభ సభ్యులలో గెలిచిన స్త్రీలు 74 మంది. 2019లో 78 మంది గెలిచారు. అంటే చట్టం వచ్చాక జరిగిన మొదటి ఎన్నికలోనే సంఖ్య తగ్గింది.

కారణం చట్టంలోనే ఉంది. ముందు జనగణన జరగాలి, దాని తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, అప్పుడే మూడో వంతు సీట్లు స్త్రీలకు అని 2023లో రాశారు. పునర్విభజన అంటే తమ వాటా తగ్గుతుందని తమిళనాడు, కర్ణాటక వంటి రాష్ట్రాలు భయపడుతున్నాయి. ఆ భయానికి కారణం ఉంది. కానీ ఆ తగాదా తీరేదాకా స్త్రీలు ఎందుకు ఆగాలి? ఇప్పుడున్న 543లో మూడో వంతు 181. వాటిని కేటాయించడానికి కొత్త గీతలు గీయనక్కరలేదు. ఈ బిల్లు మొదట 1996లో పార్లమెంటు ముందుకు వచ్చింది. 2010లో రాజ్యసభ దాటింది, లోక్‌సభ దాటలేక 2014లో మురిగిపోయింది. ఒక తరం ఆడపిల్లలు ఎదురుచూస్తూనే పెద్దవాళ్లయ్యారు.

బైబిలులో ఇలాంటి ఎదురుచూపు ఒకటి ఉంది. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అయిదుగురు అక్కచెల్లెళ్లు మోషే ఎదుట, యాజకుని ఎదుట, సర్వసమాజము ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో వాటా అడిగారు. వారు అడిగింది న్యాయమేనని దేవుడు తీర్పు చెప్పాడు. సంఖ్యాకాండము 27వ అధ్యాయం మనందరికీ తెలుసు. యెహోషువ 17వ అధ్యాయంలో జరిగింది మాత్రం మనం తక్కువగా ప్రసంగిస్తాం. భూమి పంచే రోజున ఆ అక్కచెల్లెళ్లు ఎలియాజరు, యెహోషువల దగ్గరకు మళ్లీ వెళ్లి ఆ ఆజ్ఞను గుర్తు చేయవలసి వచ్చింది. గుర్తు చేశాకే వాటా చేతికొచ్చింది. ఆజ్ఞ ఉండటం వేరు, అది అమలవడం వేరు. మనం ఇప్పుడు ఆ రెండో అడుగు దగ్గర ఉన్నాం.

చట్టం లేకుండానే పార్టీలు స్త్రీలకు టికెట్లు ఇవ్వగలవా? ఇవ్వగలవు. 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 లోక్‌సభ సీట్లలో 7 స్త్రీలకు ఇచ్చింది, అందులో అయిదుగురు గెలిచారు. మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న గంజాం ప్రాంతంలోని అస్కా నుంచి స్వయం సహాయక సంఘాల్లో పనిచేసిన ప్రమీలా బిసోయి పార్లమెంటుకు వెళ్లారు. బీజేపీ నుంచి గెలిచిన ఇద్దరితో కలిపి ఆ రాష్ట్రం మూడో వంతు స్త్రీలను పంపింది. 2024లో ఆ ఏడుగురు నలుగురయ్యారు. పార్టీ తలచుకుంటే జరుగుతుంది, కానీ పార్టీ ఇష్టం మీద వదిలేస్తే నిలవదు. అందుకే టికెట్లూ అడగాలి, చట్టం అమలూ అడగాలి.

"ఆడవాళ్లను గెలిపిస్తే భర్తలే ఏలుతారు" అని కొందరంటారు. కొన్నిచోట్ల అలా జరుగుతున్న మాట నిజమే. కానీ 1993 నుంచి అమలులో ఉన్న పంచాయతీ రిజర్వేషన్ ఇంకో సంగతి కూడా చూపించింది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, స్త్రీలకు కేటాయించిన పంచాయతీల్లో మంచినీటి పనులు ఎక్కువగా జరిగాయి. బిందె మోసేవారికి నీళ్ల విలువ తెలుసు.

మనకు ఇంకో గోడ కూడా అడ్డముంది. ఎస్సీ సీట్లలో మూడో వంతు ఎస్సీ స్త్రీలకు అని కొత్త చట్టం చెబుతోంది. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవురాలైన దళిత సహోదరి ఎస్సీ కాదు. ఆ ఉత్తర్వులో సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని చేర్చలేదు. వాడలో ఆమె పడే వివక్ష బాప్తిస్మంతో పోలేదు, పోటీ చేసే హక్కు మాత్రం పోయింది. మహిళా రిజర్వేషన్ గురించి మన సంఘాలు మాట్లాడినప్పుడల్లా ఈ మాట కూడా చెప్పాలి.

ఇక మన ఇంటి సంగతి. సీఎస్ఐ 1947లో ఏర్పడితే, మొదటి మహిళా బిషప్‌గా ఇ. పుష్పలలిత గారు నంద్యాలలో అభిషేకం పొందింది 2013లో. స్త్రీల సమాజంవాళ్లు చందా లెక్కలు రాస్తారు, ఆసుపత్రిలో ఉన్నవారిని చూస్తారు, పండుగ భోజనాలు నడిపిస్తారు. నిర్ణయాలు తీసుకునే కమిటీ బల్ల దగ్గర మాత్రం వారికి ఎన్ని కుర్చీలున్నాయి? పార్లమెంటును మూడో వంతు అడిగే సంఘం తన కమిటీలో మూడో వంతు ఇవ్వడానికి ఏ జనగణన కోసమూ ఆగనక్కరలేదు. వచ్చే కమిటీ ఎన్నికలోనే ఇవ్వవచ్చు.

యౌవనస్థులారా, ముఖ్యంగా చెల్లెళ్లారా, ఒక మాట. మన ఇళ్లలో పెద్దలకు తెలుగే వచ్చు. ఆఫీసు నుంచి వచ్చిన కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ కాగితం చదివి చెప్పేది స్కూల్లో ఆ భాష నేర్చుకున్న అమ్మాయే. రేషన్ కార్డు పని మీద అమ్మతో వెళ్లి మాట్లాడేదీ ఆమే. నాయకత్వం అక్కడే మొదలైంది. పద్దెనిమిది నిండగానే ఓటరు జాబితాలో పేరు రాయించండి. గ్రామసభకు, వార్డు సభకు వెళ్లండి. 21 ఏళ్లకు పంచాయతీకి, 25 ఏళ్లకు లోక్‌సభకు పోటీ చేయవచ్చు. పుదుచ్చేరి అసెంబ్లీకి కూడా ఈ రిజర్వేషన్ వర్తించేలా 2023 డిసెంబరులో చట్టం చేశారు. యానాంకు ఉన్నది ఒకే ఒక్క అసెంబ్లీ సీటు. ఏదో ఒక విడతలో అది స్త్రీకి రావచ్చు. ఆ రోజుకు సిద్ధంగా ఉన్న మన అమ్మాయి ఎవరు?

ఈసారి ఓటడగడానికి వచ్చినవారికి ప్రార్థన చేసి పంపేముందు ఒక ప్రశ్న వేయండి: "మీ పార్టీ ఈ జిల్లాలో ఎంతమంది స్త్రీలకు టికెట్టు ఇచ్చింది?" జవాబు నచ్చకపోతే మళ్లీ అడగండి. ఆ అయిదుగురు అక్కచెల్లెళ్లకు వాటా దక్కింది రెండోసారి అడిగాకే.