సీసాకీ కులం కట్టారు!

నూరు శాతం అగావే టెకీలా తాగితే పొద్దున తల పట్టదట, చవక సీసా తాగినోడికే తలపోటట! సీసాలకీ కులం కట్టారన్నమాట. మేం ఒప్పుకోం.

అగావే మన కిత్తనారకి చుట్టం. మెక్సికో చట్టం ప్రకారం దాని చక్కెర 51 శాతమున్నా టెకీలాయే. రెంట్లోనూ మత్తు ఆల్కహాలుదే. వాంతయినా తలపోటయినా ముఖ్యంగా ఎంత తాగావన్నదాన్ని బట్టే. ఉప్పూ నిమ్మబద్దా నాలుక్కి, కాలేయానికి కాదు. (బడిపంతుళ్లం, తాగమనడం లేదు.) తాగేవాడు ముందు అన్నం తినాలి, మధ్యమధ్య నీళ్లు తాగాలి, ఒకట్రెండుతో ఆపాలి. ఆరోది పోశాక ఏ లేబులూ కాయదు.

హలిస్కో ఎండలో, ఏళ్లతరబడి పెరిగిన అగావే ఆకుల్ని ‘కోవా’తో చెక్కే కూలీని హిమదోర్ అంటారు. ఆ పేరునే సీసా మీద వేసి అమ్ముకుంటున్నారు. అతని కూలెంతో ఎవరు రాశారు?