టోపీ లోపలి పట్టీని ఎవరు చూస్తున్నారు?



శిరస్త్రాణం ప్రాణాన్ని కాపాడుతుందని ఊరూరా గోడల మీద రాయిస్తున్నాము. అయితే శిరస్త్రాణమంటే పైకి కనిపించే గట్టి డిప్ప మాత్రమేనన్నట్లు ప్రవర్తిస్తున్నాము. ఇది సగం సత్యమే. డిప్పకూ తలకూ నడుమ ఉండే పట్టీల అల్లిక లేనిదే ఆ డిప్ప పనిచేయదు. పైనుంచి రాయి పడినప్పుడు ఆ పట్టీలే సాగి, దెబ్బ తీవ్రతను తగ్గించి, మిగిలిన బలాన్ని తలంతటా పంచుతాయి. డిప్పకూ మాడుకూ మధ్య అంగుళం పైచిలుకు ఖాళీ ఉంచేది అందుకోసమే. పట్టీలు సడలి ఆ ఖాళీ పోయిందా, ఇక మీ తల మీద ఉన్నది శిరస్త్రాణం కాదు, బోర్లించిన గిన్నె.

గోదావరి ఉత్తర తీరాన ఉన్న మా జైపూర్‌లో ఈ మాట చెప్పడం నా బాధ్యత. ఇక్కడ 1200 మెగావాట్ల సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. పక్కనే ఇందారం, శ్రీరాంపూర్ గనులున్నాయి. నది దాటితే గోదావరిఖని, రామగుండం. టోపీ లేనిదే పూట గడవని వేలాది కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి.

ముందుగా వేరొక లోకపు సంగతి చూడండి. కళ్లకు కట్టుకుని ఆడుకునే వర్చువల్ రియాలిటీ పరికరాలు మన పిల్లల చేతుల్లోకీ వస్తున్నాయి. 2020లో వచ్చిన క్వెస్ట్ 2 అనే పరికరం బరువు సుమారు అర కిలో. ఆ బరువంతా ముఖం మీదే ఉండడంతో, దానితో వచ్చిన గుడ్డ పట్టీ చాలక కొనుగోలుదారులు వేరే పట్టీల కోసం వెతుక్కున్నారు. తయారీ సంస్థ అదనపు ధరకు అమ్మిన ఎలైట్ పట్టీ పగిలిపోతోందని ఫిర్యాదులు రాగా, అదే ఏడాది చివర కొంతకాలం అమ్మకం ఆపవలసి వచ్చింది. మరుసటి ఏడాది, ముఖానికి ఆనే స్పాంజి వల్ల చర్మం కందుతోందని 5,700కు పైగా ఫిర్యాదులు నమోదయ్యాయి. ఫలితంగా ఒక్క అమెరికాలోనే సుమారు 40 లక్షల స్పాంజి భాగాలను వెనక్కు పిలిచి, వాటిపై తొడుక్కోవడానికి సిలికాన్ తొడుగులు ఉచితంగా ఇచ్చారు.

ఇది తప్పని నేను అనడం లేదు, అలాగే జరగాలి. నా ప్రశ్న ఒక్కటే. గంటసేపు ఆడుకునేవాడి నుదుటి మీది దద్దురుకు లెక్క ఉన్నప్పుడు, షిఫ్టు పొడవునా టోపీ కింద చెమటోడ్చేవాడి నుదుటి మీది పుండుకు లెక్క ఎందుకు లేదు?

"వీళ్లకు నిర్లక్ష్యం, ఎన్నిసార్లు చెప్పినా టోపీ తీసేస్తారు" అని పర్యవేక్షకులు అంటుంటారు. ఈ మాటతో నేను ఏకీభవించను. టోపీ మాటిమాటికీ తీసేవాడిని మందలించే ముందు, ఆ టోపీని తిరగేసి లోపల చూడండి. చెమట ఉప్పుతో బిరుసెక్కిన నుదుటి పట్టీ, విరిగిన కొక్కెం, బిగిస్తే నిలవని వెనుక మర కనిపించవచ్చు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో అటువంటిదాన్ని తల మీద ఉంచుకోమనడం క్రమశిక్షణ కాదు, శిక్ష.

ఈ నొప్పి కల్పన కాదు. అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో బాహ్య పీడనం వల్ల వచ్చే తలనొప్పికి ప్రత్యేక స్థానం ఉంది. నుదుటినో మాడునో ఏదైనా ఎడతెగకుండా నొక్కుతుంటే గంటలోపే మొదలవుతుంది, తీసేస్తే గంటలోపే తగ్గుతుంది. కనుబొమ్మల పైని నాడుల మీద బిగుతు పట్టీ పడితే జరిగేది ఇదే. మాత్ర మింగితే పోయే జబ్బు కాదిది, పట్టీ మారిస్తే పోయేది.

మెడ సంగతీ ఇటువంటిదే. మన తల బరువే నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. బరువు ఎంత అన్నదానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం. ముందువైపు దీపం తగిలించిన టోపీ ముందుకు వాలుతుంది. అది జారకుండా మనిషి పట్టీని మరింత బిగిస్తాడు, మెడ వెనుక కండరాలు ఆ వాలును రోజంతా లాగిపడుతుంటాయి. వర్చువల్ రియాలిటీ పట్టీలు చేసేవారు ఈ సూత్రం గ్రహించే, తల వెనుక కొంత బరువు చేర్చి సమతూకం తెస్తున్నారు. మొత్తం బరువు పెరిగినా తలకు హాయిగా ఉంటుంది. ఆటవస్తువు విషయంలో తెలిసిన ఈ సూత్రం, పనిముట్టు కొనేటప్పుడు ధరల పట్టికలో మాయమవుతోంది.

ఇక మన్నిక. తయారీదారులు సాధారణంగా లోపలి పట్టీల అల్లికను ఏడాదికొకసారి, డిప్పను రెండు నుంచి ఐదేళ్లలో మార్చమంటారు. ఎండ, చెమట, నూనె మరకలు ప్లాస్టిక్‌ను పెళుసుబారుస్తాయి. టోపీ మీద పేరు రాయడానికి వాడే కొన్ని రంగులు, థిన్నర్లు కూడా డిప్పను లోలోపల చెడగొడతాయి. "డిప్ప బాగానే ఉంది కదా" అన్న ఒక్క మాటతో పట్టీ మార్చకుండా సాగదీయడం పొదుపు కాదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సొంత మరమ్మతు. గడ్డం పట్టీ తెగితే బూటు లేసో, నైలాన్ తాడో కట్టుకుంటారు. ఐరోపా ప్రమాణం ప్రకారం పారిశ్రామిక టోపీల గడ్డం పట్టీ, ఒక పరిమితికి మించిన లాగుడు పడితే ఊడిపోవాలి. టోపీ యంత్రానికో ఇనుప చువ్వకో చిక్కుకున్నప్పుడు మెడకు ఉరి పడకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. నైలాన్ తాడు ఊడదు. పట్టీకి పెట్టని ఖర్చుకు ప్రాణం చెల్లు కావచ్చు.

గని పని మాకెందుకు అనుకునే పాఠకులకూ ఒక మాట. మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్, శిరస్త్రాణాన్ని పట్టీలతో గట్టిగా బిగించుకోవాలనే చెబుతోంది. పట్టీ వేయని హెల్మెట్ కింద పడేటప్పుడు మీకంటే ముందే రోడ్డు చేరుతుంది.

కాబట్టి చేయవలసినవి చెబుతాను. కార్మిక సోదరులారా, షిఫ్టుకు ముందు అర నిమిషం టోపీని తిరగేసి చూడండి. పట్టీల చివరలు డిప్పలో గట్టిగా కూర్చున్నాయా? పీచు లేచిందా? ఖాళీలో తువ్వాలు, ఫోను, పొట్లాలు దోపకండి, దెబ్బను మింగే చోటు అది. నుదుటి పట్టీని సబ్బు నీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. గట్టి దెబ్బ తగిలిన టోపీని, పగులు కనిపించకపోయినా, మార్చమని అడగండి.

యాజమాన్యాలకూ గుత్తేదారులకూ నా డిమాండ్లు మూడు. టోపీ ఇచ్చిన తేదీతో పాటు పట్టీ మార్చిన తేదీనీ రిజిస్టరులో రాయండి. విడి పట్టీలను స్టోరులో ఎప్పుడూ ఉంచి, అడిగిన రోజే ఉచితంగా ఇవ్వండి. కొనుగోలుకు ముందు ఐదారు రకాలను కార్మికుల చేత పూర్తి షిఫ్టు ధరింపజేసి, వారి మాట విన్నాకే ఎంచండి. ఒప్పంద కార్మికుడి పుర్రె పర్మినెంటు కార్మికుడి పుర్రెకంటే గట్టిదేమీ కాదు, కనుక ఈ మూడూ ఇద్దరికీ సమానంగా వర్తించాలి.

సంఘాల నాయకులారా, జీతభత్యాల కోర్కెల పత్రంలో ఈ పట్టీకి ఒక్క పంక్తి కేటాయించండి. ఒక మనిషి తలకు ఇవ్వవలసిన కనీస గౌరవమది.