ముగ్గు పోయకముందే మేస్త్రీకి చెప్పండి!



మా ఇంట్లో అమ్మ మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా గోడ మీద, నడుమెత్తున, ఒక నల్లటి చార ఉండేది. రాత్రిపూట ఆమె చెయ్యి ఆనించుకుంటూ నడిచిన గుర్తు అది. దసరా వచ్చిందంటే సున్నం కొట్టి ఆ మరక చెరిపేసేవాళ్లం. అక్కడొక ఇనుప పైపు బిగించాలని ఒక్క ఏడు కూడా తట్టలేదు. ఆ చార బాత్రూం తలుపు దగ్గర ఆగిపోయేది. లోపల పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒక రాత్రి తడి బండ మీద కాలు జారి, తలుపుకు అడ్డంగా పడింది. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. నెడితే ఆమెకే తగులుతోంది. బందులు ఊడదీసి బయటికి తెచ్చేసరికి తెల్లవారింది. తుంటి విరిగింది. అమ్మ మళ్లీ లేచి నడవలేదు.

"వయసు పైబడ్డాక పడటం మామూలే" అన్నారు చాలామంది. మామూలు కానే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా 6,84,000 మంది కింద పడి చనిపోతున్నారు. వాళ్లలో ఎక్కువమంది 60 దాటినవాళ్లే. మా అమ్మ పడింది వయసు వల్ల కాదు, మేం కట్టిన బాత్రూం వల్ల.

అందుకే ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ముందుగా చెబుతున్నాం. ఇందిరమ్మ ఇంటికి సర్కారు 5 లక్షలు ఇస్తోంది, బేస్‌మెంట్ లేచాకే మొదటి బిల్లు. కానీ బేస్‌మెంట్ లేచాక ర్యాంపు గురించి ఆలోచిస్తే ఆలస్యమైనట్టే. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ర్యాంపు కావాలి. ఇంతకంటే నిటారుగా కడితే వీల్‌చైర్ వెనక్కి దొర్లే ప్రమాదం ఉంది. రెండడుగుల బేస్‌మెంట్‌కు 24 అడుగులు! చిన్న జాగాలో అంత ఎక్కడిది? వాననీళ్లు రానంత ఎత్తు ఉండాల్సిందే, కాదనం. ఆ ఎత్తు ఎంతో ముందే తేల్చుకుని, గోడ వెంట మలుపు తిప్పి ర్యాంపుకు చోటు వదలండి. దర్వాజ మూడడుగుల వెడల్పు పెట్టించండి. పూజకు కడప కావాలంటే పసుపు రాసే గీతంత ఉన్నా చాలు. బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల నున్నటి టైల్స్ వద్దు, గరుకు బండలు వేయించండి. కూర్చునే కమోడ్ పెట్టించండి. దాని పక్కన పైపు బిగించాక మేస్త్రీనే బరువంతా వేసి వేలాడమనండి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషిని ఆపదు.

పాత ఇల్లయితే ఈ రాత్రే మీ పెద్దవాళ్ల వెంట మంచం నుంచి బాత్రూం దాకా నడవండి. చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడ పైపు, కాలు ఎక్కడ తడబడుతుందో అక్కడ లైటు. వెల్డింగ్ షాపులో ఒక పూట పని.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇళ్ల పథకాల్లో 5 శాతం దివ్యాంగులకు కేటాయించాలి, అందులో మహిళలకు ముందు ప్రాధాన్యం ఇవ్వాలి. వచ్చే గ్రామసభలో ఈ మాట అడుగుదాం. మన ఊళ్లో ఇల్లు ఎవరెవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, పేరుపేరునా చదివి వినిపించమందాం. ఆఫీసుకైనా, రేషన్ దుకాణానికైనా ర్యాంపు లేని చోట ర్యాంపు అడుగుదాం. ఇంట్లో ఆదరణ లేని పెద్దలు గానీ, వాళ్లను చూసిన పక్కింటివాళ్లు గానీ పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. డబ్బులు పడవు.

ముగ్గు పోసే రోజు మీ అమ్మనో, తాతనో, నడవలేని తమ్ముడినో ఆ జాగలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కాలు ఎంత ఎత్తు లేస్తుందో మేస్త్రీని చూడమనండి. చూశాకే దారం కట్టమనండి.

ఇట్లు,
అల్లాదుర్గ్‌లో పెద్దలను, దివ్యాంగులను చూసుకుంటున్న కుటుంబాలు