శిష్యులను నిలుపుకొన్న గురువు

సన్నీవేల్, కూపర్టినో, పాలో ఆల్టో అను ఊళ్ల పేర్లు నేడు తెలుగు ఇండ్లలో పెక్కుమంది తల్లులకు కంఠస్థములైనవి. కుమారుడో, కుమార్తెయో, అక్కగారి పిల్లలో అచ్చట ఉద్యోగములు చేయుచుందురు. మనము రాత్రి భోజనములు ముగించి గిన్నెలు సర్దుకొనువేళ వారికి తెల్లవారును. ఆ సీమకు సిలికాన్ లోయ యని పేరనియు, అది కంప్యూటరు పరిశ్రమకు పుట్టినిల్లు వంటిదనియు మనకు తెలియును. కాని ఆ పరిశ్రమ అచ్చటనే యేల వెలసెను? నూరేండ్ల క్రిందట అది ఆప్రికాట్లు, చెర్రీలు, ప్లమ్ములు పండు తోటల సీమ. ఆ మార్పునకు కారణములు పెక్కు గలవు. వానిలో ఒక ఉపాధ్యాయుని కృషి ముఖ్యమైనది. ఈ నెల ఆయనను గూర్చి ముచ్చటింప దలచితిమి.

ముందుగా ఆ విద్యాలయపు సంగతి చెప్పవలెను. కాలిఫోర్నియాలో లీలండ్ స్టాన్‌ఫర్డ్, జేన్ స్టాన్‌ఫర్డ్ అను ధనిక దంపతులకు ఒక్కడే కుమారుడు. ఆ బాలుడు 1884లో, తన పదునైదవ యేట, టైఫాయిడు జ్వరముచే మరణించెను. వాని పేరు నిలుపుటకై వారు 1885లో విశ్వవిద్యాలయమును నెలకొల్పిరి. 1891లో చదువులు మొదలయ్యెను. 1893లో భర్త గతించి ఆస్తి వ్యాజ్యములలో చిక్కుకొనగా, జేనమ్మగారు తన ఇంటి ఖర్చులకు వచ్చు సొమ్ము తగ్గించుకొని ఉపాధ్యాయుల జీతములు చెల్లించిరి. తన నగలను సైతము అమ్మజూపిరి. అట్టి యామెయే 1899లో, తన విద్యాలయమున స్త్రీలు ఒకేసారి 500 మందికి మించి చదువరాదని నియమము పెట్టిరి. ఆ కట్టుబాటు 1933 వరకు సాగెను. ఒక స్త్రీ నిలబెట్టిన విద్యాలయమే స్త్రీలకు లెక్క కట్టెనను మాట మనకు కష్టముగానే తోచును. అయినను ఉన్నదున్నట్లు చెప్పుట మా విధి.

ఫ్రెడరిక్ టెర్మన్‌గారు 1900వ సంవత్సరమున జన్మించిరి. తండ్రి స్టాన్‌ఫర్డులో మనస్తత్వశాస్త్రాచార్యుడు. కుమారుడు అచ్చటనే చదివి, పిమ్మట తూర్పుతీరమున మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయములో 1924లో డాక్టరు పట్టము పొందిరి. అచ్చటనే ఉపాధ్యాయ పదవియు సిద్ధముగా నుండెను. సెలవులకు ఇంటికి వచ్చిన యువకునికి క్షయవ్యాధి సోకెను. ఆ దినములలో దానికి మందు లేదు. విశ్రాంతియే వైద్యము. మాసములకొలది మంచముమీద కదలక పరుండవలసి వచ్చెను. తూర్పునకు పోవు మాట మూలబడెను. ఆయన పడకమీదనే రేడియో గొట్టములను గూర్చి చదువుకొనిరి. 1925లో కొంచెము తేరుకొని, పూర్తి దినము పనిచేయు శక్తి లేకుండుటచే, స్టాన్‌ఫర్డులో సగము పనికి కుదిరిరి. ఆ జబ్బు చేయనిచో ఆయన తూర్పుననే స్థిరపడియుందురేమో!

పని మొదలుపెట్టిన పిదప ఆయన కంట బడిన లోపమొక్కటి. తాను శ్రమపడి తీర్చిదిద్దిన పిల్లలు పట్టము చేతికి రాగానే ఉద్యోగములకై తూర్పుసీమకు పోవుచుండిరి. ఇచ్చట తగిన కర్మాగారములు లేవు. కర్మాగారములు లేకపోవుటచే విద్యాలయమునకును బలము లేదు. విద్యాలయమును పరిశ్రమయు ఒకదానినొకటి పోషింపవలెనని ఆయన నిశ్చయించుకొనిరి. 1932లో ఆయన రచించిన రేడియో ఇంజనీరింగు గ్రంథము పెక్కు కళాశాలలలో పాఠ్యమయ్యెను. 1937లో విద్యుచ్ఛాఖకు అధిపతియైరి.

ఆయన శిష్యులలో డేవిడ్ పాకర్డ్, విలియం హ్యూలెట్ అను ఇద్దరుండిరి. పాకర్డ్ అప్పటికే తూర్పున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉద్యోగి. టెర్మన్‌గారు అతనికొక విద్యార్థివేతనము ఏర్పాటు చేసి 1938లో వెనుకకు రప్పించిరి. హ్యూలెట్ తన చదువులో భాగముగా కల్పించిన శబ్దతరంగ యంత్రమును అమ్మకమునకు తయారుచేయుడని ప్రోత్సహించిరి. 1939లో 538 డాలర్ల పెట్టుబడితో, అద్దె ఇంటి వెనుక మోటారుకారు నిలుపు షెడ్డులో ఆ మిత్రులు కంపెనీ పెట్టిరి. ఫాంటేసియా అను చలనచిత్రపు శబ్దముకొరకు వాల్ట్ డిస్నీ కంపెనీ వారివద్ద 8 యంత్రములు కొనెను.

ఈ కథ చెప్పువారు షెడ్డును తప్పక చెప్పుదురు. 1980లలో కాలిఫోర్నియా ప్రభుత్వము దానిని చారిత్రక స్థలముగా ప్రకటించెను. మేము మాత్రము ఆ ఇంటి వంటగదిని గూర్చి చెప్పదలచితిమి. పాకర్డ్ భార్య లూసిల్ విశ్వవిద్యాలయ కార్యాలయమున ఉద్యోగము చేయుచుండిరి. కంపెనీ నిలద్రొక్కుకొనువరకు నెలనెల నిలుకడగా వచ్చినది ఆమె జీతమే. సాయంకాలము ఇంటికి వచ్చి కంపెనీ ఉత్తరములు, లెక్కలు వ్రాయునదియు ఆమెయే. యంత్రముల రేకులకు పూసిన రంగును ఆమె వంటపొయ్యిలోనే కాల్చెడివారు. ఆ పిమ్మట ఆ పొయ్యిలో వండిన మాంసమునకు మునుపటి రుచి లేకపోయెనని ఆమె అనుచుండిరట! కంపెనీ పేరులో ఆమె పేరు లేదు. కాని ఆ వంటగది లేనిచో షెడ్డు ఎన్నాళ్లు నడిచెడిదో మన పాఠకురాండ్రే చెప్పగలరు.

యుద్ధకాలమున టెర్మన్‌గారు హార్వర్డులో శత్రువుల రాడారును వమ్ముచేయు పరిశోధనశాలను 800 మందికి పైగా సిబ్బందితో నడిపిరి. యుద్ధానంతరము స్టాన్‌ఫర్డ్ ఇంజనీరింగు విభాగమునకు డీనై, 1955 నుండి 1965 వరకు విద్యాలయమునకంతకును ప్రోవోస్టుగా నుండిరి. విద్యాలయమునకు 8,000 ఎకరములకు పైగా భూమి గలదు. కాని దాతల శాసనముచే దానిని అమ్మరాదు. అమ్మరాని భూమిని కౌలుకీయవచ్చును గదా! అట్లు 1951లో పారిశ్రామిక వాటిక ఏర్పడెను. వేరియన్ కంపెనీ మొదట వచ్చెను. హ్యూలెట్-పాకర్డ్ పిమ్మట వచ్చెను. కంపెనీల యువ ఇంజనీర్లు ఉద్యోగము మానకయే పై పట్టములకు చదువుకొను వీలును ఆయన కల్పించిరి.

ట్రాన్సిస్టరును కనుగొన్నవారిలో నొకరైన షాక్లీగారిని తన కంపెనీ ఈ ప్రాంతముననే పెట్టుడని ప్రోత్సహించినవారిలో టెర్మన్‌గారొకరు. షాక్లీగారి తల్లియు పాలో ఆల్టోలోనే నివసించుచుండెను. ఆ కంపెనీ 1956లో వెలసెను. కాని షాక్లీగారు మేధావియేగాని మనుష్యులను కలుపుకొని పోలేకపోయిరి. 1957లో ఎనమండుగురు యువకులు విడిపోయి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ సంస్థను నెలకొల్పిరి. వారిలో ఇద్దరు 1968లో ఇంటెల్ స్థాపించిరి. సిలికాన్ లోయ యను పేరు 1971లో పత్రికకెక్కెను.

ఇందులో చేదు లేకపోలేదు. విద్యాలయమునకు వచ్చిన సొమ్ములో సైన్యపు సొమ్ము విస్తారము. ఆ రహస్య పరిశోధనలు వలదని 1969లో విద్యార్థులు ప్రయోగశాలనే ఆక్రమించి కూర్చుండిరి. బయటినుండి ధనము తేగల శాఖలు పెరిగి, తేలేనివి వెనుకబడెనని నిందయు గలదు. కర్మాగారముల రసాయనములు భూమిలోనికి ఇంకి, 1981లో శాన్ హోసేలో త్రాగునీటి బావి కలుషితమైనట్లు బయటపడెను. ఆ పేటలోని తల్లులు గట్టిగా ప్రశ్నించిరి. అట్లు శుద్ధిచేయవలసిన స్థలములు ఆ జిల్లాలో ఇరువదికి మించి తేలినవి. పండ్లతోటలు తిరిగి రాలేదు.

టెర్మన్‌గారి భార్య సిబిల్ గారిని గూర్చి రెండు మాటలు. పిల్లలకు పదములను బొమ్మలవలె గుర్తుపట్టించుట గాక, అక్షరముల ధ్వనులు నేర్పి చదివింపవలెనని ఆమె వాదించిరి. 1958లో మరియొకరితో కలిసి దానిపై గ్రంథము ప్రకటించిరి. గుణింతములు వల్లెవేసిన మనకు ఆ వాదము క్రొత్త కాదు.

టెర్మన్‌గారు 1982లో గతించిరి. అంతకు ముందు, 1970లో, కొరియా దేశము తన తెలివైన పిల్లలు విదేశములకు పోయి తిరిగిరాకుండుటను జూచి సలహా కోరగా, ఆయన బృందము నివేదిక వ్రాసెను. ఆ మరుసటి యేడే అచ్చట ఉన్నత విజ్ఞాన విద్యాలయము వెలసెను. శిష్యులు దూరమగుచున్నారని ముప్పదియేండ్ల క్రిందట తన ఊరిలో పడిన చింతయే మరియొక దేశమునకు ఉపకరించెను.

పిల్లలు దూరదేశములకు పోవుట తప్పని మేమనము. వారి వృద్ధి మనకును సంతోషమే. అయినను కళాశాల యెంచుకొనునప్పుడు భవనములను, జీతపు లెక్కలను మాత్రమే గాక, అచ్చట పాఠము చెప్పువారెవరు, పట్టము పుచ్చుకొన్న పిల్లలను వారు తలచుకొందురా యని విచారింపుడు. జబ్బుచే ఒక యేడు చదువు చెడిన బిడ్డను చూచి బ్రతుకే చెడినదని విలపింపకుడు. కుమార్తె కోరిన చదువునకు లెక్క కట్టకుడు. ఇంట నెవరైన సొంత పని మొదలుపెట్టినచో, వారికై నెలజీతము తెచ్చి లెక్కలు వ్రాసిన ఇల్లాలి పేరును కూడ ఆ పని పేరుతో చెప్పుకొనుడు.