లేబరేటరీ చర్మం వచ్చేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: మా అన్నయ్యగారి అమ్మాయికి ఆరేళ్ళు. దించి పెట్టిన సాంబారు గిన్నె మీద పడి వీపు, ఎడమ చెయ్యి కాలాయి. చెయ్యి మానింది గాని, రెండు వారాలైనా వీపు మీది పుండు మానలేదు. తొడ మీది చర్మం తీసి అక్కడ అతకాలని డాక్టరుగారు అంటున్నారు. బాగున్నచోట కూడా గాయం చెయ్యడమెందుకని మా వదిన ఒప్పుకోవడం లేదు. మా అమ్మ తన చర్మం ఇస్తానంటోంది. లేబరేటరీలో చర్మం పెంచుతున్నారని ఈమధ్య చదివాము. ఎంత ఖర్చయినా అది వేయించవచ్చునా? అంతవరకు ఆపరేషను ఆపవచ్చునా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: ఆపవద్దు. మీరు చదివింది నిజమే. కాని అది మీ పాపకు అవసరమైన వైద్యం కాదు.

చర్మం రెండు పొరలుగా ఉంటుంది. ఎపిడెర్మిస్ అనే పైపొర కాగితమంత పలచన. దాని కింద దళసరిగా ఉండే డెర్మిస్‌లో రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్ళు ఉంటాయి. పైపైన కాలితే కుదుళ్ళలో మిగిలిన కణాలే పెరిగి పాకి, కొత్త పైపొరను తయారు చేస్తాయి. పాప చెయ్యి అలాగే మానింది. వీపు లోతుగా కాలింది. అక్కడ విత్తనమే మిగలలేదు. ఇక పుండు అంచుల నుంచే చర్మం పాకి రావాలి. అలా నెలల తరబడి మానిన పుండు చీము పట్టవచ్చు, చివరకు మచ్చ బిరుసుగా ముడుచుకుపోయి పాపను సరిగా వంగనివ్వదు కూడా.

తొడ నుంచి చర్మమంతా ఊడదీస్తారని మీ వదినగారు భయపడుతున్నట్లుంది. తీసేది అర మిల్లీమీటరు కంటే పలచని పొర, దోసకాయ చెక్కు తీసినట్లు. కుదుళ్ళు అక్కడే ఉంటాయి కనుక తొడ సుమారు రెండు వారాల్లో మానిపోతుంది. రంగులో కొంచెం తేడా మిగలవచ్చు. తీసిన పొరకు వలలాగా గాట్లు పెట్టి, సాగదీసి, ఎక్కువ మేర కప్పుతారు.

మీ అమ్మగారి ప్రేమ గొప్పదే, కాని ఒకరి చర్మం మరొకరి ఒంటికి నిలవదు. కొన్ని వారాల్లో శరీరం దాన్ని తిప్పికొడుతుంది.

ఇక లేబరేటరీ చర్మం సంగతి. 1975లో అమెరికాలో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రజ్ఞులు మనిషి పైపొర కణాలను గాజుపాత్రలో పెంచే పద్ధతి కనిపెట్టారు. 1983లో వయోమింగ్ రాష్ట్రంలో అయిదారేళ్ళ అన్నదమ్ములిద్దరికి ఒళ్ళు 95 శాతానికి పైగా కాలిపోయింది. అతకడానికి చర్మమే లేదు. చంకల్లో మిగిలిన కొద్దిపాటి చర్మం తీసుకుని బోస్టన్‌లో పెంచి, ఒంటిలో సుమారు సగం దానితో కప్పారు. పిల్లలు బతికారు. ఈ పద్ధతి అటువంటివారి కోసం పుట్టింది. 2015లో జర్మనీలో, పుట్టుకతోనే ఒళ్ళంతా పొక్కులెక్కే జబ్బున్న ఏడేళ్ళ పిల్లవాడికి జన్యులోపం సరిదిద్ది పెంచిన చర్మాన్ని ఒంటిలో 80 శాతం మేర వేశారు.

అయితే అలా పెంచడానికి మూడు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ పొర కొన్ని కణాల మందమే. పొక్కులెక్కుతుంది, త్వరగా చిట్లిపోతుంది. చెమట గ్రంథులు, వెంట్రుకలు ఉండవు. తొడ నిండా మంచి చర్మం ఉన్న పాపకు దీన్ని వేయడం ఇంట్లో ధాన్యం పెట్టుకుని అప్పుకు పోవడమే.

లోపలిపొరకు బదులుగా ఆవు కొలాజెన్, సొరచేప మృదులాస్థి పదార్థంతో తయారైన పలక కూడా ఉంది. 1981లో బర్క్, యానాస్ అనేవారు దాని ఫలితాలు ప్రకటించారు. దాని మీదా చివరకు రోగి చర్మమే పలచగా అతకాలి.

(పెంచిన చర్మం ఎక్కువగా ఉపయోగపడుతున్నది మరోచోట. సబ్బులు, క్రీములు మంట పుట్టిస్తాయేమోనని కుందేళ్ళ మీద పరీక్షించే బదులు దాని మీద పరీక్షిస్తున్నారు. మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2014లో నిషేధించారు.)

ఒళ్ళు చాలా భాగం కాలినవారికి మనకు అందుబాటులో ఉన్న దారి దానంగా వచ్చిన చర్మం. చనిపోయిన ఆరు గంటలలోపు తొడలు, వీపు నుంచి పలచగా తీస్తారు; శరీరం వికారంగా కనబడదు. సొంత చర్మం అతికేదాకా అది పుండును కాపాడుతుంది. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇటువంటి బ్యాంకు ప్రారంభమైంది. మీ అమ్మగారికి చర్మం ఇవ్వాలని అంతగా ఉంటే ఆ సంగతి ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచమనండి.

మరొక మాట. పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందని పత్యం పెడుతున్నారేమో! పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులు ఉన్నవి వాటిలోనే. పాలు, పప్పు, గుడ్డు, చేప - పాప ఏది తింటే అది ధారాళంగా పెట్టండి. ఆపరేషను తరువాత మొదటి కట్టు విప్పేదాకా వీపు కదలకుండా చూడాలి. మానాక దురద ఉంటుంది; గోళ్ళు కత్తిరించి, రోజూ కొబ్బరినూనె మెల్లగా రాయండి. బిగుతైన చొక్కా వేయమని డాక్టరుగారు చెబితే, ఉక్కగా ఉందని మధ్యలో మానిపించకండి. దాన్ని నెలల తరబడి, దాదాపు రోజంతా వేసి ఉంచాలి. పాప పొడుగు ఎదుగుతున్నకొద్దీ అతికినచోట బిగుసుకుపోవచ్చు కనుక, ఎదుగుదల ఆగేదాకా ఆరేసి నెలలకొకసారి చూపిస్తూ ఉండండి.