దోపిడీ జరిగింది సరే, ఎలా జరిగిందో చెప్పరేం?

2022 జనవరిలో ఒక వారాంతం. తుపాకీ లేదు, గునపం లేదు. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి చొరబడ్డ ముఠా రూ.12.48 కోట్లు ఎత్తుకుపోయింది. ముందు ఆ బ్యాంకులోనే కొన్ని ఖాతాల్లోకి సొమ్ము మళ్లించారు. అక్కడి నుంచి దేశంలో వేర్వేరు బ్యాంకుల్లోని వందకు పైగా ఖాతాలకు పంపి, ఏటీఎంలలో నగదుగా తీసేసుకున్నారు.

సాధారణంగా మన దగ్గర ఇలాంటి కథ ఇక్కడితో ఆగిపోతుంది. ఈసారి ఆగలేదు. రెండు నెలల తర్వాత అప్పటి హైదరాబాద్ పోలీసు కమిషనర్ సీవీ ఆనంద్ విలేకరుల ముందు కూర్చుని బ్యాంకు లోపాల చిట్టా మొత్తం విప్పారు. 2021 నవంబరులో ఉద్యోగులకు 200కు పైగా దొంగ మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు వాటిని తెరిచారు. దాంతో వాళ్ల కంప్యూటర్లను దూరం నుంచి నడిపించగల సాఫ్ట్‌వేర్ లోపల తిష్ఠ వేసింది. వ్యవస్థ మొత్తం మీద అధికారం ఉన్న, కొద్దిమందే ఉండాల్సిన సూపర్ యూజర్లు ఆ బ్యాంకులో పదిమంది. వాళ్లలో కొందరి పాస్‌వర్డ్‌లు ఒకటే! ప్రధాన కార్యాలయానికీ శాఖలకూ నెట్‌వర్క్‌లో అడ్డుగోడ లేదు. దొంగలు రెండు నెలలకు పైగా లోపలే ఉన్నా పసిగట్టినవారు లేరు. సైబర్ భద్రతా నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది.

ఆ ఒక్క విలేకరుల సమావేశం ఎన్ని సెమినార్ల పెట్టు! చిన్న బ్యాంకు నడిపే ఎవరైనా ఆ చిట్టా ముందు పెట్టుకుని, తమ దగ్గర ఏ కిటికీ తెరిచి ఉందో ఒక్క పూటలో చూసుకోవచ్చు. విచిత్రమేమిటంటే, బాధిత సంస్థలో ఏం జరిగిందో దేశానికి చెప్పింది సంస్థా కాదు, నియంత్రణ సంస్థా కాదు. కేసు దర్యాప్తు చేసిన పోలీసులు.

దోపిడీ జరిగి పది నెలలు తిరిగాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు డేటాకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. దేశంలోనే పేరున్న ఆసుపత్రిలో రెండు వారాల పాటు ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు చేత్తో రాశారు. ఐదు సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా దెబ్బతిన్నాయని, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. హైదరాబాద్‌లో ఒక సహకార బ్యాంకును ముంచిన అడ్డుగోడ లోపమే ఢిల్లీలో ఆసుపత్రినీ పడగొట్టిందన్నమాట. ఒకచోట నేర్చిన పాఠం ఇంకోచోటికి చేరే దారి మన దగ్గర లేదు.

దొంగలకు మాత్రం ఆ దారి ఉంది. రాన్సమ్‌వేర్ ఇవాళ పక్కా ఫ్రాంచైజీ వ్యాపారం. ఒకరు సాఫ్ట్‌వేర్ తయారుచేసి అద్దెకిస్తారు. ఇంకొకరు సంస్థల్లోకి చొరబడే లాగిన్‌లు సంపాదించి అమ్ముతారు. మరొకరు బేరం మాట్లాడతారు. ఒకచోట పనిచేసిన ఎత్తు ఇట్టే మిగతావాళ్లకు తెలిసిపోతుంది. బాధితులేమో ఎవరి గుట్టు వాళ్లు కాపాడుకుంటూ ఒక్కొక్కరుగా దెబ్బతింటున్నారు.

ఇప్పుడు దాడులు మారుతున్న తీరు చూస్తే ఈ మౌనం ఇంకా ఖరీదైనదని అర్థమవుతుంది. దాడి నేరుగా సంస్థ మీదికే రానక్కర్లేదు, దానికి సేవలందించే కంపెనీ మీదికి వస్తే చాలు. 2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సంస్థ రాన్సమ్‌వేర్‌కు చిక్కింది. గ్రామీణ, సహకార బ్యాంకులకు సాంకేతిక సేవలందించే కంపెనీ అది. ముప్పు పాకకుండా, దేశంలో రిటైల్ చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ దాన్ని ఆ వ్యవస్థ నుంచి విడదీసింది. దాంతో దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం సేవలు ఆగిపోయాయి. ఎన్‌పీసీఐ చేసింది సరైన పనే, మర్నాటికి సేవలు మళ్లీ అందాయి. కానీ తమ బ్యాంకు తాళంచెవి వేరే కంపెనీ చేతిలో ఉందన్న సంగతి ఖాతాదారుల్లో ఎందరికి తెలుసు? చాలా బ్యాంకుల డైరెక్టర్లకైనా తెలుసా అన్నది అనుమానమే.

కృత్రిమ మేధ వచ్చాక కళ్లూ చెవులూ కూడా నమ్మలేని పరిస్థితి. బ్రిటన్ ఇంజినీరింగ్ సంస్థ ఆరప్ హాంకాంగ్ కార్యాలయంలో ఒక ఉద్యోగి వీడియో సమావేశంలో కూర్చున్నారు. తెర మీద ముఖ్య ఆర్థికాధికారి, మరికొందరు సహోద్యోగులు కనిపించారు. పై అధికారులే చెబుతున్నారు కదా అని 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. ఆ సమావేశంలో నిజం మనిషి ఆ ఉద్యోగి ఒక్కరే, మిగతావన్నీ డీప్‌ఫేక్ బొమ్మలు. ఇందులో గమనించాల్సింది ఇంకొకటుంది. 2024 ఫిబ్రవరిలో హాంకాంగ్ పోలీసులు కంపెనీ పేరు చెప్పకుండా మోసం జరిగిన తీరు మాత్రం బయటపెట్టారు. ప్రపంచమంతా అప్రమత్తమైంది. కంపెనీ పేరు తెలిసింది మే నెలలో. పేరు దాచి పద్ధతి చెప్పడం సాధ్యమేనని దీన్నిబట్టే తెలుస్తోంది.

పేరు కూడా దాచుకోని సంస్థలూ ఉన్నాయి. 2023 అక్టోబరులో దాడికి గురైన బ్రిటిష్ లైబ్రరీ డబ్బు చెల్లించడానికి నిరాకరించింది. మరుసటి ఏడాది మార్చిలో 18 పేజీల నివేదికను తానే ప్రచురించింది. బయటి కాంట్రాక్టర్లు లోపలికి రావడానికి పెట్టిన సర్వర్‌కు రెండో అంచె ధ్రువీకరణ లేదని, దొంగలు బహుశా అక్కడి నుంచే వచ్చారని దాపరికం లేకుండా రాసింది. ఐర్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ మరో అడుగు ముందుకేసింది. 2021 మార్చి 18న ఒక ఉద్యోగి ఎక్సెల్ ఫైలు తెరవడంతో మొదలై మే 14న ఆసుపత్రులు స్తంభించేదాకా, ఆ ఎనిమిది వారాల్లో ఏయే హెచ్చరికలు వచ్చినా పట్టించుకోలేదో స్వతంత్ర నివేదికతో బయటపెట్టింది. పరువు పోతుందేమోనన్న భయం ఆ సంస్థలకు మాత్రం ఉండదా?

మన దగ్గర చట్టం లేదని కాదు. సైబర్ దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్‌లోనే ఆదేశం వచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద లీకు సంగతి బాధితులకు చెప్పకపోతే రూ.200 కోట్ల దాకా జరిమానా ఉంది. కాకపోతే ఆ నిబంధనలు అమలయ్యేది 2027లో. ఇక సెర్ట్-ఇన్‌కు చేరిన సమాచారం ఏమవుతోంది? ఆ సంస్థ హెచ్చరికలు, సాధారణ సూచనలు క్రమం తప్పకుండా ఇస్తుంది. కానీ ఫలానా దాడి అడుగడుగునా ఎలా సాగిందో, ఏ తప్పు వల్ల జరిగిందో చెప్పే నివేదికలు జనం చేతికి రావు. అడిగి తెలుసుకుందామన్నా వీల్లేదు, 2023 నవంబరులో సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం పరిధి నుంచి తప్పించారు. దేశ భద్రత దృష్ట్యా కొన్ని విషయాలు గోప్యంగా ఉంచాల్సిందే. ఆ పేరుతో సహకార బ్యాంకు పాస్‌వర్డ్‌ల నిర్లక్ష్యాన్నీ దాచడం ఏ భద్రత కోసం?

వివరాలు చెబితే దొంగలకు ఉప్పందించినట్టవుతుందని కొందరంటారు. కన్నం పూడ్చక ముందు చెబితే నిజమే. పూడ్చాక చెబితే నష్టపోయేది దొంగలే. ఖాతాదారులు భయపడి డిపాజిట్లు వెనక్కి తీసుకుంటారన్న వాదన ఇంకొంచెం బరువైనదే. కానీ హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ రెడ్డీస్ ఏం చేసిందో చూడండి. 2020 అక్టోబరు 22న, స్పుత్నిక్-వి టీకా పరీక్షలకు అనుమతి వచ్చిన కొద్ది రోజులకే, కంపెనీ మీద సైబర్ దాడి జరిగింది. డేటా కేంద్రాలన్నింటినీ విడదీశామని ఆ రోజే స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. కంపెనీ ఏమీ కూలిపోలేదు.

విమానం కూలితే ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో రావాలన్నది అంతర్జాతీయ నియమం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగిన ఘోర ప్రమాదంపై జులై 12కల్లా నివేదిక వచ్చింది. అదే తరహాలో ఆసుపత్రి, బ్యాంకు, విద్యుత్ సంస్థ లాంటివి సైబర్ దాడితో స్తంభించినప్పుడు ఆరు నెలల్లోగా, కావాలంటే పేరు తీసేసి, దాడి జరిగిన తీరు బయటపెట్టేలా సెర్ట్-ఇన్‌ను ప్రభుత్వం ఆదేశించాలి. సహకార బ్యాంకుల విషయంలో ఆ పని రిజర్వ్ బ్యాంకు రేపే మొదలుపెట్టవచ్చు.

అప్పటిదాకా సహకార బ్యాంకుల్లో సభ్యులైనవారు వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు ప్రశ్నలు అడగవచ్చు. సూపర్ యూజర్లు ఎందరు? సాఫ్ట్‌వేర్ నడిపే కంపెనీ ఏది? దాని భద్రతను చివరిసారి ఎవరు, ఎప్పుడు తనిఖీ చేశారు? డివిడెండ్ ఎంతో అడిగే నోటితోనే ఇవీ అడగండి.